జాషువా గారు ఏం చదివారు, ఎలా రాశారు? చదివితే మన సొంత గొంతు పోతుందా?

అమ్మా, నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. గుర్రం జాషువా గారు అంత పేదరికంలో, అన్ని అవమానాల మధ్య సంస్కృతం, ఛందస్సు ఎలా నేర్చుకున్నారన్నది మొదటిది. పొట్ట పోసుకోవడానికి ఉద్యోగాలు చేస్తూ అన్ని కావ్యాలు ఎలా రాశారన్నది రెండోది. మూడోది నీ సంగతి. డిగ్రీ చదువుతూ కవితలు రాసుకుంటున్నావు, పాత కావ్యాలు చదవడం మొదలుపెడితే నీ గొంతు పోయి వాళ్ల గొంతు వచ్చేస్తుందేమోనని టెన్షన్ పడుతున్నావు. పల్నాటి పల్లెల హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరయ్యాను. జాషువా గారి పద్యం పిల్లల చేత చదివించని సంవత్సరం లేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను. నీ మూడో ప్రశ్నకు జవాబు మొదటి రెండిటిలోనే ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదువు.

ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య గారు యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ గారు మాదిగ కులస్థురాలు. ఇల్లు క్రైస్తవం తీసుకున్న ఇల్లు. అంటే పుట్టుకతోనే రెండు మూడు గడపల బయట నిలబడవలసి వచ్చిన పిల్లవాడు. కానీ ఆ ఊరు ఎలాంటిదో కూడా చూడాలి. క్రీడాభిరామం రాసిన వల్లభరాయుడి ఇంటిపేరు వినుకొండ. పల్నాడు మీద శ్రీనాథుడు చెప్పాడనే చాటుపద్యాలు చదువురాని వాళ్ల నోట కూడా వినబడే ప్రాంతం ఇది. మా చిన్నప్పటికే పొలం గట్టు మీద కూర్చుని పద్యం ఎత్తుకునే పెద్దలు ఉండేవాళ్లు. ఆయన చిన్నతనంలో ఇంకెంతమంది ఉండి ఉంటారో ఊహించుకో. బళ్లో బెంచీ దగ్గర అడ్డుపడే కులం, గాలిలో వచ్చే పద్యానికి అడ్డుపడలేదు. ఆయన మొదటి చదువు చెవితో మొదలైందని నా నమ్మకం.

ఆ తర్వాత దొరికిన మేలు, మనసున్న మనుషులు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి గారు తర్వాత పేరున్న కవి అయ్యారు. ఆ కాలంలో ఒక దళిత కుర్రవాడికి కాళిదాసు పాఠం చెప్పడం మామూలు సంగతి కాదు. ఇంకోవైపు అదే ఊళ్లో అవధాన సభలో పద్యాలు చదివితే, ఈ కులంవాణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారని గొడవ చేసినవాళ్లూ ఉన్నారు. ఒకే ఊరు తలుపు తీసింది, అదే ఊరు తలుపు వేసింది. జాషువా గారిని చదివేటప్పుడు ఈ రెండూ గుర్తుండాలి. ఒకటే పట్టుకుంటే ఆయన సగమే అర్థమవుతారు.

ఇక ఉద్యోగాలు. మిషనరీ బడిలో నెలకు మూడు రూపాయల జీతంతో పంతులు పని. అది పోయింది. 1915-16లో రాజమండ్రి వెళ్లి సినిమా వాచకుడిగా చేరారు. ఆయన జీవిత విశేషాలు రాసేవాళ్లు ఈ మాటను ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఇక్కడ ఆగాలనిపిస్తుంది.

అవి మూగ సినిమాలు. తెర మీద బొమ్మలు కదులుతాయి, మాట ఉండదు. తెర పక్కన ఒక మనిషి ఉండి జరుగుతున్న కథ చెప్పాలి, పాత్రల మాటలు తానే పలకాలి. రాజు వస్తే రాజు గొంతు, తల్లి ఏడిస్తే తల్లి గొంతు. బొమ్మ ఆగదు కాబట్టి మాట బొమ్మతో సమానంగా పరిగెత్తాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లలో సగంమంది చదువు రానివాళ్లు. ఏ మాటకు హాలు నిశ్శబ్దమైందో, ఏ మాటకు జనం పక్కవాడితో కబుర్లు మొదలుపెట్టారో చెప్పేవాడికి వెంటనే తెలిసిపోతుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడు రోజూ ఆ పని చేశాడు. ఆయన పద్యాన్ని పైకి చదివి చూడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే పదం విరుగుతుంది. వినేవాడు ఎక్కడ ఉలిక్కిపడాలో అక్కడ పొట్టి మాట పడుతుంది. ఈ విద్య పుస్తకాల్లోంచి మాత్రమే వచ్చిందంటే నేను ఒప్పుకోను.

దీనికి మా ఇంట్లోనే ఒక సాక్ష్యం ఉండేది. మా తాతకు వేలిముద్రే. కానీ హరిశ్చంద్ర నాటకం కాటి సీను పద్యాలు మొత్తం నోటికి వచ్చు. ఎండాకాలం రాత్రి ఆరుబయట మంచం మీద పడుకుని శ్మశానం పద్యాలు ఎత్తుకుంటే అవతలి వాకిట్లో మాటలు ఆగిపోయేవి. అవి నాటకం రాసిన బలిజేపల్లి వారివనే ఆయన చివరిదాకా అనుకున్నాడు. నేను ట్రైనింగ్‌కి వెళ్లాక తెలిసింది, వాటిలో కొన్ని జాషువా గారి శ్మశానవాటి అనే ఖండిక (చిన్న కావ్యం)లోవని. నటులు ఆ పద్యాలు నచ్చి నాటకంలోకి తెచ్చుకున్నారు, జనం వాటిని నాటకంలో భాగమే అనుకున్నారు. ఈ సంగతి చెబితే తాత చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆయనదే ఊరు?" అని అడిగాడు. వినుకొండ అన్నాను. "మనోడే" అన్నాడు. మా తాత ఆ కులం పేరు ఎత్తితే మొహం చిట్లించే మనిషి, ఆ రోజు మాత్రం ఇంకో ప్రశ్న అడగలేదు.

రాజమండ్రి తర్వాత గుంటూరు. లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు, 1928 నుంచి 1942 దాకా ఉన్నత పాఠశాలలో ఉభయభాషా ప్రవీణుడిగా. ఆ పేరు ఇప్పటి పిల్లలకు కొత్త. సంస్కృతం, తెలుగు రెండిటిలో పరీక్ష రాసి నెగ్గితే వచ్చే పట్టా అది, తెలుగు పండితుడి ఉద్యోగానికి అప్పట్లో అదే ఆధారం. కాబట్టి ఆయనకు సంస్కృతం ఏదో దైవికంగా అబ్బలేదు. జీతం కోసం, పరీక్ష కోసం, కావ్యాలు పంక్తి పంక్తి విడదీసి చదివారు, మళ్లీ పిల్లలకు చెబుతూ ఇంకోసారి చదివారు. పాఠం చెప్పినప్పుడు పద్యం ఒంటికి పట్టినట్టు ఒంటరిగా చదివితే పట్టదు, ఇది నా అనుభవం కూడా. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో యుద్ధ ప్రచారకుడి పని, 1957-59లో మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాత పని. పూర్తికాలం కవిగా కూర్చుని రాసుకునే వీలు ఆయనకు ఎప్పుడూ లేదు. అయితే చూడు, పంతులు, వాచకుడు, ప్రచారకుడు, రేడియో, అన్నీ నోటితో చేసే పనులే.

ఇక ఆయన ఏం చదివేవారన్నది. కావ్యాల పేర్లు చూస్తేనే తెలిసిపోతుంది. మొదట్లో రుక్మిణీ కల్యాణం, కుశలవోపాఖ్యానం, ధ్రువ విజయం. అంటే పురాణాలు, ప్రబంధాలు చదివి ఆ దారిలోనే నడిచిన రోజులు. ఆ తర్వాత శివాజీ, బుద్ధుడు, ముంతాజ్ మహల్, నేతాజీ, బాపూజీ, క్రీస్తు. పారశీక కవి కథ ఫిరదౌసి. మధ్యలో గిజిగాడు, సాలీడు, శిశువు. గూడు అల్లుకునే పిట్ట దగ్గర, గోడ మూల సాలెపురుగు దగ్గర ఎంతసేపు నిలబడి చూస్తే ఆ పద్యాలు వస్తాయి! వాటిని చూడటం కూడా చదువే. గిజిగాడు పాఠం వచ్చినప్పుడు నేను పిల్లల్ని బడి వెనక బావి దగ్గరికి తీసుకెళ్లి తుమ్మచెట్టుకు వేలాడే గూడు చూపించి, ఆ తర్వాతే పుస్తకం తెరిపించేవాణ్ణి.

ఇందులో నీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. రుక్మిణీ కల్యాణం లాంటివి రాసిన తొలిరోజులకూ, 1941లో వచ్చిన ఆయన కావ్యం గబ్బిలానికీ మధ్య ఇరవై ఏళ్లకు పైగా దూరం. తొలి రచనలు చదివితే పద్యం నడక బాగుంటుంది, ధార ఉంటుంది, కానీ ఆ పద్యం ఇంకో మంచి కవి కూడా రాయగలడనిపిస్తుంది. నిజం చెప్పాలి కదా. ఆయన గొంతు పోయి వేరే వాళ్ల గొంతు వచ్చిన రోజులు ఉన్నాయి. ఆయన భయపడి చదవడం మానలేదు. 1932లో ఫిరదౌసి వచ్చేసరికి గొంతు మారింది. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని మాటిచ్చి, పని పూర్తయ్యాక వెండి నాణేలు పంపిన సుల్తాను, మోసపోయిన ముసలి కవి. కథ ఎక్కడో గజనీలో జరుగుతుంది, మాట పడిన మనిషి నొప్పి మాత్రం గుంటూరులో రాస్తున్న మనిషిది.

ఇక గబ్బిలం. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నీ భయానికి మందు ఇక్కడే ఉంది.

మేఘసందేశం కథ నీకు తెలిసే ఉంటుంది. కుబేరుడి కొలువులో పనిచేసే యక్షుడు పనిలో ఏమరపాటు చూపించినందుకు శాపం తగిలి ఏడాదిపాటు భార్యకు దూరంగా రామగిరి మీద ఉంటాడు. ఆషాఢం మొదటి రోజున కనబడ్డ మబ్బును దూతగా చేసుకుని కైలాసం ఒడిలో ఉన్న అలకాపురికి కబురు పంపుతాడు. మబ్బును ఎలా పలకరిస్తాడో చూడు. ముందు కొండమల్లెలతో పూజ చేస్తాడు. తర్వాత, నువ్వు లోకమంతా ఎరిగిన పుష్కరావర్తకాల వంశంలో పుట్టావు అంటాడు. ఆ వెంటనే ఇంకో మాట అంటాడు: గొప్పవాణ్ణి అడిగి లేదనిపించుకున్నా మేలే, అధముడి దగ్గర అడిగింది దొరికినా వద్దు అని. కాళిదాసు పద్యంగా అది అందమైన పద్యం. కానీ వినుకొండలో ఆ పాఠం వింటూ కూర్చున్న కుర్రవాడి వైపు నుంచి ఒకసారి విను. వంశం చూసి దూతను ఎంచుకోవాలి, అధముడి దగ్గర ఏమీ అడగకూడదు. ఆ మాటలు ఆ పిల్లవాడి చెవిలో ఎలా పడి ఉంటాయి?

గబ్బిలంలో కబురు పంపేవాడు తంజావూరు ప్రాంతపు అంటరాని పేదవాడు. శాపం ఏడాదిది కాదు, పుట్టుకతో వచ్చి చావుదాకా ఉండేది, అదీ చేయని తప్పుకు. రాత్రి గుడిసెలో ఒక్కడే ఉంటే గబ్బిలం ఎగిరొస్తుంది. దాన్ని ఆయన "ముక్కుమొగమున్న చీకటి ముద్ద" అన్నారు. దాని రెక్క గాలికి ఇతని ఆముదపు దీపం ఆరిపోతుంది. ఈ చిన్న తేటగీతిని క్లాసులో నేను పీరియడ్ మొత్తం చెప్పేవాణ్ణి. గబ్బిలం రెక్క గాలికి "పక్షానిలం" అని సంస్కృత సమాసం వేశారు, గబుక్కున విసురుగా వచ్చినట్టుంటుంది. దీపం దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఇంటి మాటలు: చిన్న, ఆముదపు, అల్లన. అల్లన అంటే మెల్లగా. ఒక పేదవాడి దీపం ఆరితే ఎవరికీ తెలియదు, అంత మెల్లగా ఆరుతుంది. సంస్కృతం ఎక్కడ వాడాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి చెయ్యి అది. సంస్కృతం చదవకుండా ఉంటే మొదటి సగం రాదు, చదివిందంతా కుమ్మరించి ఉంటే రెండో సగం రాదు.

దూత సంగతికి వస్తే, మబ్బుకున్న వంశం గబ్బిలానికి లేదు. పిట్టల్లో పిట్ట కాదు, జంతువుల్లో జంతువు కాదు, ఇంట్లోకి వస్తే అరిష్టమంటారు. అలాంటిదాన్నే దూతగా పెట్టుకున్నాడు. అయితే దానికి ఒక వసతి ఉంది, గుడిలో తలకిందులుగా వేలాడుతుంది. నువ్వు గుడిలో వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేని సమయం చూసి నా బతుకు కథ చెప్పు అని అడుగుతాడు. ఆ పద్యం చెబుతుండగా ఒకసారి వెనక బెంచీ పిల్లవాడు లేచి "సార్, గబ్బిలాన్ని రానిచ్చారు గదా, మరి ఆయన్ని ఎందుకు రానివ్వలేదు?" అని అడిగాడు. నేను పుస్తకం మూసేశాను. దానికి మించి చెప్పడానికి నా దగ్గర వ్యాఖ్యానం లేదు. కబురు చేరవలసిన చోటు ఆ యక్షుడి దిక్కే, కైలాసమే. దారిలో తెలుగు నేల చరిత్ర చూపిస్తూ వెళ్లడం కూడా కాళిదాసు మబ్బుకు దారి చెప్పిన పద్ధతే. అచ్చు మొత్తం అరువుదే. అందులో పోసింది మాత్రం వేరే ఎవరి దగ్గరా లేనిది.

ఇంకొక్క మాట. ఆ పేదవాణ్ణి ఆయన "అరుంధతీసుతుడు" అన్నారు. పెళ్లిలో వధూవరులకు చూపించే అరుంధతి మాతంగ కన్య అని చెప్పుకునే కథ ఉంది, మాదిగలు తమను అరుంధతీయులని చెప్పుకోవడం దాని నుంచే. ఏ నక్షత్రానికి అందరూ దండం పెడతారో ఆమె కొడుకే వాకిలి బయట ఉన్నాడని ఒక్క సమాసంలో చెప్పేశారు. పురాణాలు చదివి ఊరుకున్నవాడికి ఇది తట్టదు, అసలు చదవనివాడికీ తట్టదు.

ఆయన్ను రెండు వైపులా తిట్టారు. కులం పేరుతో కొందరు సభల్లో అవమానించారు. క్రైస్తవుడై ఉండి హిందూ కథలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు వెలివేశారు. మరోపక్క చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారంతటి పెద్దాయన తన చేత్తో ఆయన కాలికి గండపెండేరం (కవికి గౌరవంగా వేసే కడియం) తొడిగారు. 1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, ఆ ఏడాదే శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు. బహుమతి క్రీస్తు చరిత్రకు వచ్చినా, నా లెక్కలో గబ్బిలం మొదటి భాగం దానికంటే చాలా ఎత్తున ఉంటుంది. సందర్భానికి రాసిన ఖండికలు కొన్ని ఇప్పుడు చదివితే పలచగా ఉంటాయి, వాటితో మొదలుపెట్టకు.

ఇప్పుడు నీ సంగతి. చదివితే గొంతు పోతుందా అంటే, కొన్నాళ్లు పోతుంది. పోనీ. మూడు నెలలు కాళిదాసులా, ఆరు నెలలు జాషువాలా రాస్తావు, ఆ కాగితాలు దాచుకో, ఎవరికీ చూపించకు. నువ్వు చదువుతున్న పద్యంలో ఎక్కడో ఒకచోట "ఇది నా విషయంలో అబద్ధం" అనిపించే మాట తగులుతుంది, ఆ యక్షుడి అధముడి మాట లాంటిది. అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకో. నీ కవిత ఆ గీత దగ్గర మొదలవుతుంది. ఆ గీత పెట్టుకోవాలంటే ఆ పేజీదాకా చదివి ఉండాలి కదా.

ఒకేసారి పది పుస్తకాలు కొనకు. మేఘసందేశం తెలుగు తాత్పర్యంతో ఉన్నది ఒకటి, గబ్బిలం ఒకటి, చాలు. గబ్బిలం నిఘంటువు పక్కన పెట్టుకునే చదువు, సిగ్గేమీ లేదు, నేను ఇప్పటికీ శబ్దరత్నాకరం తీస్తాను. మొదటిసారి అర్థం కోసం చదువు. రెండోసారి తలుపు వేసుకుని పైకి చదువు. ఫోన్‌లో రికార్డు చేసుకుని విను, ఎక్కడ తడబడ్డావో అక్కడ పదం సరిగ్గా విరవలేదని అర్థం. యూట్యూబ్‌లో రాగం తీసి పాడేవాళ్లను ముందే వినకు, నీ చెవికి వాళ్ల రాగం అంటుకుంటుంది. అది తర్వాత. ఛందస్సు నేర్చుకోవాలా అంటావేమో. వచన కవితే రాసేటట్టయినా తేటగీతి ఒక్కటి నేర్చుకో, పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. సాయంత్రానికి వచ్చేస్తుంది. సీసం దాని తర్వాత చెబుతాను.

ఈ వారానికి ఆముదపు దీపం పద్యం ఒక్కటి నోటికి పట్టు. వచ్చాక, నీకు ఏ మాట దగ్గర గొంతు ఆగిందో నాకు రాయి.